దుప్పటి మడతకి ఏడుగురు

ఇంటి మెట్ల మీద నుంచి,
పద్దెనిమిదో తారీఖు, సాయంత్రం.

ఒరేయ్ నసుగుడూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే "ఊఁ, చూద్దాంలే" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కదా అని రాస్తున్నాను.

మా లాండ్రీలో ఇవాళ ఒక ఘనకార్యం జరిగింది. పొద్దున టీ వేళకి వాచ్‌మన్ ఒక చేత్తో జిగురు డబ్బా, ఇంకో చేత్తో కాగితం పట్టుకొచ్చి, మేం చేతులు కడుక్కునే చోట గోడకి నోటీసు అంటించాడు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా పగటి షిఫ్టు రద్దట. పదకొండేళ్లుగా నేను ఏడింటికి వెళ్లి మూడింటికి వస్తున్నాను. ఇకమీదట రెండే షిఫ్టులు: ఐదు నుంచి ఒంటిగంట, ఒంటిగంట నుంచి తొమ్మిది. మమ్మల్ని రెండు బ్యాచిలుగా చీల్చారు. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, గానుగెద్దుల్లా తిరుగుతూ ఉండాలి.

అసలు తమాషా అది కాదు. నోటీసు మీద వేసిన తేదీ ఎనిమిది. కుట్టు మిషనావిడ వేలితో ముట్టుకుంటే జిగురు తడి వేలికి అంటింది. "ఇది ఎనిమిదో తారీఖు నుంచి ఇక్కడే ఉంది, మీరే చూసుకోలేదు" అన్నాడు వాచ్‌మన్, జిగురు డబ్బా చేతిలో పెట్టుకునే. పాపం, వాడికి అలా చెప్పమన్నారు.

కంపెనీ రూల్సు పుస్తకం ఒకటి చేరినప్పుడు ఇచ్చారు. ఇన్నాళ్లూ దాన్ని మంచం కోడు కింద ఎత్తుగా పెట్టాను. ఇవాళ లాగి చదివాను. పనివేళలు మార్చాలంటే మూడు వారాల ముందు నోటీసు పెట్టాలట, ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాసిస్తే విని తేల్చాలట. ఎనిమిది నుంచి లెక్కేస్తే మూడు వారాలు దాటింది. ఇవాళ్టి నుంచి లెక్కేస్తే రెండు వారాలు కూడా లేవు. ఎనిమిది ఎందుకు వేశారో అర్థమైందిగా. మంచం ఊగుతోంది గానీ నా బుర్ర మాత్రం కుదురుగా ఉంది.

నువ్వు ఇదే కంపెనీ ప్రధాన కార్యాలయంలో, ఆ మానవ వనరుల విభాగంలోనే కూర్చుంటావు కదా. నీటి వనరులు, బొగ్గు వనరులు విన్నాను. మమ్మల్ని కూడా తవ్వి తీస్తున్నారని ఇప్పుడే తెలిసింది. కాస్త కనుక్కుని రాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు.

ఇట్లు,
నీకంటే నాలుగేళ్లు పెద్దదీ, నలభై ఏళ్లు తెలివైనదీ.

&nbsp;

ప్రధాన కార్యాలయం, మూడో అంతస్తు, ఫ్యాను గాలి తగలని మూల,
ఇరవై రెండు.

ప్లీడరక్కకి,

నీ ఉత్తరం అందింది. చదివాను. రెండుసార్లు చదివాను.

విషయం ఏమిటంటే, ఆస్పత్రుల వాళ్లు ఉతికిన దుప్పట్లు పొద్దున్నే కావాలంటున్నారు, సాయంత్రం కూడా కావాలంటున్నారు. పైవాళ్లు అన్నీ ఆలోచించే చేసి ఉంటారు. నోటీసు తేదీ సంగతి నాకు అంతగా తెలియదు. ఒక్కోసారి ఇక్కడ తయారైన కాగితం అక్కడికి చేరడానికి ఆలస్యం అవుతుంది. అలా జరిగి ఉండవచ్చు, జరగకపోయీ ఉండవచ్చు.

నా సలహా ఏమిటంటే, ఒక నెల చేసి చూడు. నలుగురితో పాటే నువ్వూ. ముందే గొడవకి దిగితే నీ పేరు అందరి నోళ్లలో నానుతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు. మొదటి వారం నీకు పొద్దున షిఫ్టే పడిందేమో కూడా చూసుకో, అది కాస్త నయమే కదా.

బావ లారీ ఎక్కడ తిరుగుతోంది? అత్తయ్యగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? పాపకి చెవి మిషను అలవాటైందా?

ఉంటాను,
తమ్ముడు.

&nbsp;

అదే మెట్ల మీద నుంచి,
ఇరవై ఐదు.

ఒరేయ్ జరిగి ఉండవచ్చు, జరగకపోయీ ఉండవచ్చు గారూ,

నీ ఉత్తరాన్ని పిండితే ఒక్క చుక్క కూడా రాలలేదు. మా పిండే మిషన్లో వేసినా రాలదు.

పాపకి చెవి మిషను అలవాటైందా అని అడిగావు. ఆర్నెల్ల కిందట ఫోన్లో గంటసేపు చెప్పాను. నువ్వు "ఊఁ ఊఁ" అన్నావు, అంటే వినలేదన్నమాట. ఇప్పుడు రాస్తున్నాను, కళ్లతోనైనా విను. దానికి ఐదేళ్లు. మిషను పెట్టి ఏడాది. చెవికి శబ్దం వచ్చినంత మాత్రాన మాటలు రావు, నేర్పించాలి. సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగింటికి మాటల క్లాసు. ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, ఎందుకంటే టీచరు సగం పాఠం మనకే చెబుతుంది. మూడంతస్తులు ఎక్కాలి, లిఫ్టు లేదు, మా అత్తగారు రెండో మెట్టు దగ్గరే దేవుణ్ణి పిలుస్తుంది. మీ బావ నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. మూడు క్లాసులు వరసగా మానితే మన చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఆ చోటు కోసం పద్నాలుగు నెలలు కాచుకుని కూర్చున్నాను.

ఇప్పుడు నీ కంపెనీ లెక్క చూడు. మొదటి వారం నాకు పొద్దున షిఫ్టు. నయమే, నీ దయ. రెండో వారం మధ్యాహ్నం. ఆ వారంలో సోమ, బుధ, శుక్ర మూడూ పోతాయి. శుక్రవారం ఐదింటికల్లా నా కూతురు క్లాసులోంచి బయటికి. నలుగురితో పాటే నువ్వూ అన్నావు. ఆ నలుగురూ మాట్లాడగలరురా.

ఇంకో వింత. ఈ పట్టిక వేసిన మహానుభావుడు ఎవరో గానీ వాడు జన్మలో దుప్పటి మడతపెట్టి ఉండడు. ఆస్పత్రి దుప్పటి రెండు నిలువుల పొడుగు. అటొకరు ఇటొకరు పట్టుకుని, లాగి, దగ్గరికి నడిచి మూల మూలకి కలపాలి. జంటగా చేసే పని. మడతవాళ్లని ఒక్కో బ్యాచికీ బేసి సంఖ్యలో వేశాడు ఆ పుణ్యాత్ముడు. ఆఖరున మిగిలిన మనిషి దుప్పటి కొస గడ్డం కింద నొక్కిపెట్టుకుని, రెండో కొస కాలి బొటనవేలితో పట్టుకోవాలేమో. నేను నా జంటతో పదకొండేళ్లుగా మడతపెడుతున్నాను, ఆవిణ్ణి కూడా వేరే బ్యాచిలో పడేశారు.

నోటీసు ఎప్పుడు తయారైందో నిజంగా కనుక్కుని రాయి.

అక్క.

&nbsp;

ప్రధాన కార్యాలయం, అదే మూల,
ఇరవై తొమ్మిది.

అక్కా,

పాప క్లాసు సంగతి చదివాక మనసు బాగా లేదు. నాకు నిజంగా తెలియదు. చెప్పే ఉంటావు, నేనే విని ఉండను.

కానీ ఒక్క మాట. పట్టిక వేసినవాణ్ణి అంతలేసి మాటలు అనడం అన్యాయం. ఇక్కడ కూర్చుని వేసేవాడికి కంప్యూటరులో గళ్లు కనిపిస్తాయి గానీ దుప్పట్లు కనిపించవు కదా. మడత విభాగంలో ఉన్నది పద్నాలుగు మంది. రెండు బ్యాచిలు అన్నారు. బ్యాచికి ఏడుగురు. లెక్కగా చూస్తే తప్పేముంది? మనిషికి గంటకి ఇన్ని దుప్పట్లు అని పైనుంచి ఇచ్చారు, దాన్ని బట్టి వేస్తారు. మనిషికి అన్నప్పుడు ఒక మనిషికే అనుకుంటారు ఎవరైనా. పేర్లు కూడా వరస క్రమంలో పంచుతారు, జంటలు చూడరు.

తేదీ సంగతి వాకబు చేస్తున్నాను. చూద్దాం.

తమ్ముడు.

&nbsp;

వంటింట్లోంచి, స్టవ్ మీద పాలు పెట్టి,
రెండో తారీఖు.

పట్టిక వేసిన మహానుభావుడికి,

నేను బేసి సంఖ్య అని రాశాను. ఏడు అని రాయలేదు. నా ఉత్తరం తీసి చూసుకో. పద్నాలుగు అని అసలే రాయలేదు. మనిషికి గంటకి ఇన్ని అని పైనుంచి ఇచ్చినట్టు ఈ లాండ్రీలో ఎవరికీ తెలియదు. మొదటి వారం నాకు పొద్దున షిఫ్టు పడిందేమో చూసుకోమన్నావు, నేను చెప్పకముందే. అప్పుడే అనుమానం వచ్చింది, పోనీలే తమ్ముడు కదా అని మింగేశాను.

నువ్వే వేశావు. నన్ను ఒక గడిలో పెట్టి, కిందకి లాగావు. మొదటి వారం పొద్దున వేసి నాకేదో మేలు చేశాననుకున్నావు కూడా. వడ్డించేవాడు మనవాడే, విస్తరి లాగేసినవాడూ మనవాడే.

కోపంగా ఉందిరా. చిన్నప్పుడు నిన్ను బడికి భుజానేసుకుని తీసుకెళ్లినందుకు కాదు, అలాంటివి ఎత్తి చూపే రకం కాదు నేను (ఇప్పుడు చూపాను, ఒక్కసారికి). నిన్ను అడిగితే నువ్వు నాకే నెల చేసి చూడమని సలహా ఇచ్చావు చూడు, అందుకు. పట్టిక వేయించుకున్నది మీ ఆఫీసరు, ఒప్పుకుంటాను. నీ చేత ఆ ఉత్తరాలు ఆఫీసరు రాయించలేదుగా.

పాలు పొంగాయి. నీ ఖాతాలోనే వేస్తున్నాను.

ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు కావాలి. ఆ నోటీసు టైపు చేసింది కూడా నువ్వేనా? ఎప్పుడు?

మేం ఇరవై ముగ్గురం సంతకాలు పెట్టి కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. వచ్చే సోమవారం నుంచి నాకు మధ్యాహ్నం షిఫ్టు. ఆ శుక్రవారం దాకానే పాప చోటుకి గడువు.

అక్క.

&nbsp;

బస్టాండు బెంచీ మీద నుంచి, ఈ ఉత్తరం చేతికే ఇస్తాను,
ఆదివారం.

అక్కా,

నవ్వుతావు, నాకు తెలుసు. నవ్వు.

నీ ఉత్తరం అందిన రోజు ధైర్యం చేసి ఆఫీసరు గదిలోకి వెళ్లాను. తేదీ సంగతి అడుగుదామనే వెళ్లాను. ఆయన తలెత్తి "ఏమిటి" అన్నారు. నా నోటికి తేదీ రాలేదు, దుప్పటి వచ్చింది. "సార్, దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలిట సార్, ఏడుగురైతే ఒకరు మిగిలిపోతారు సార్" అన్నాను. "అంత తెలిసినవాడివి దగ్గరుండి చూసుకో" అన్నారు. శనివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. సోమవారం పొద్దున ఐదింటికల్లా మీ లాండ్రీలో మొదటి బ్యాచికి సూపర్‌వైజరుగా చేరాలట. నోటీసు లేదు, కాగితం లేదు, మూడు వారాలు సరే, మూడు పూటలు కూడా లేవు.

నేను వేసిన పట్టికలో ఆ గడి ఖాళీగా ఉండేది. "సూపర్‌వైజరు, తర్వాత నింపాలి" అని నేనే రాశాను.

మీ ఇంట్లోనే ఉంటాను. నువ్వు రెండో బ్యాచి. నేను వచ్చేసరికి నువ్వు వెళతావు, నువ్వు వచ్చేసరికి నేను పడుకుంటాను. మంచి విషయం ఏమిటంటే, నువ్వు మధ్యాహ్నం ఉన్న వారాల్లో నేను ఒంటిగంటకి ఖాళీ. పాపని నేను తీసుకెళతాను. నాలుగింటికి.

టైపు సంగతి నెమ్మదిగా మాట్లాడుకుందాం.

తమ్ముడు.

&nbsp;

వంటింటి బల్ల, పంచదార డబ్బా కింద,
సోమవారం, పన్నెండున్నర.

సూపర్‌వైజరుగారికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరాలు రాసుకునే అక్కాతమ్ముళ్లం ప్రపంచంలో మనమేనేమో. పట్టిక మహిమ. గేటు దగ్గర ఎదురుపడతాం గానీ, అక్కడ ఆగితే వాచ్‌మన్ టైము రాసుకుంటాడు.

కూర గిన్నెలో, అన్నం మూతపెట్టి ఉంది. మా అత్తగారు నిన్ను "కంపెనీవాడు" అంటోంది, పట్టించుకోకు. మూడుంబావుకి పాపకి జడ వెయ్యి, మిషను బ్యాటరీ చూడు, నీళ్ల సీసా మర్చిపోకు. మూడో అంతస్తు, ఎడమవైపు తలుపు. టీచరు చిన్నపిల్ల, వయసు చూసి మోసపోకు, నాకే తిట్లు పడ్డాయి.

పాపతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చో. నోటికి చెయ్యి అడ్డం పెట్టకు. నసగకు. అది నీ పెదాలు చూసి, విని, రెండూ కలుపుకుని అర్థం చేసుకుంటుంది.

తేదీ సంగతి నెమ్మదిగా అన్నావు. నెమ్మదిగానే కానివ్వు, ఇవాళ్టికి వదిలేశాను.

&nbsp;

వంటింటి బల్ల, అదే డబ్బా కింద,
సోమవారం, సాయంత్రం.

అక్కా,

వెళ్లాం, వచ్చాం. చోటు పదిలం.

టీచరు నన్ను చూసి "మీరెవరు" అంది. "మామయ్యని" అన్నాను. "ఏమన్నారు?" అంది. మళ్లీ అన్నాను. "నాకే వినపడలేదు, పాపకేం వినపడుతుంది? గడ్డం ఎత్తండి, నోరు తెరవండి, మాట పూర్తి చెయ్యండి, తర్వాత ఇంకో మాట" అంది. గంటసేపు పాపకి కాదు, నాకే పాఠం. "ఇది బంతి" అని పదిహేనుసార్లు అనిపించింది. నా బతుకులో ఏ విషయమూ అంత గట్టిగా అనలేదు.

లాండ్రీలో ఏడో మనిషికి ఇకమీద రోజూ నేనే జంట. సూపర్‌వైజరు అని పేరు, దుప్పటి కొస పట్టుకోవడం పని. ఇవాళ మూల మూలకి కలపబోయి ఆవిడ ముక్కుకి నా తల కొట్టాను. అందరూ తెగ నవ్వారు. వాళ్లకి నేను పట్టిక వేసినవాణ్ణని ఇంకా తెలియదు. చెప్పకు.

&nbsp;

వంటింటి బల్ల,
నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాసి పెట్టినది.

తమ్ముడూ,

వాళ్లకి మొదటి రోజే తెలుసు. నేనే చెప్పాను. నీ ముక్కు బదులు ఆవిడ ముక్కు పగిలినా ఊరుకుని నవ్వారంటే వాళ్ల మంచితనం అనుకో.

పాప గురించి ఒక మాట. నువ్వొక వారం, నేనొక వారం తీసుకెళుతున్నాం, ఒక్క క్లాసూ పోలేదు. అందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను, అక్షరాలా. కానీ నిన్న జరిగింది విను. "బొమ్మలు సర్దెయ్యి" అన్నాను. అది నాకేసి చూసి, తల కాస్త పక్కకి వాల్చి, కళ్లు నేలకి దించి, "చూద్దాంలే" అంది.

చక్కగా, నిక్షేపంలా, ఒక్క అక్షరం కూడా జారకుండా. ఏడాదిగా నేను నేర్పిన మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. నీ దగ్గర నేర్చుకున్న మాట మాత్రం తల వంచడంతో సహా వచ్చింది. మా అత్తగారు పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా కూతురికి నోరు రావాలని ఇన్ని మెట్లు ఎక్కుతున్నాను. వచ్చిన నోరు ఇది అయితే నేనేం చెయ్యను?

కార్మిక శాఖ వాళ్లు విచారణ పెట్టారు. పై వారం కాక ఆ పై వారం, బుధవారం, రెండున్నరకి. నాకు మధ్యాహ్నం షిఫ్టు, సెలవు అడిగితే ఇవ్వలేదు. మా తరఫున కుట్టు మిషనావిడ వెళుతుంది. కంపెనీ తరఫు సాక్షి ఎవరా అని చూస్తే, నీ పేరు ఉంది.

నాకు ఎందుకు చెప్పలేదు?

&nbsp;

వంటింటి బల్ల,
మంగళవారం.

అక్కా,

చెబుదామనే ఉన్నాను.

ఆఫీసరు ఫోన్ చేశారు, వారం కిందట. నోటీసు ఎనిమిదో తారీఖున తయారైంది, ఎనిమిదినే పంపాం, ఆ రెండు ముక్కలు చెబితే చాలట. చెబితే వచ్చే నెలలో ప్రధాన కార్యాలయంలో నా పాత కుర్చీ, దాని మీద సీనియర్ హోదా. ఫ్యాను కింద అన్నారు కూడా. చెప్పకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, అంటే చెప్పినట్టే.

నేను వెళ్లిపోతే నీ మధ్యాహ్నం వారాల్లో పాపని ఎవరు తీసుకెళతారు అని అడిగాను. "అది మీ ఇంటి విషయం" అన్నారు.

టైపు చేసింది నేనే. ఎప్పుడో నీకు తెలుసు. నీ నోటితో చెప్పు, ఏం చెయ్యమంటావు? నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

&nbsp;

వంటింటి బల్ల,
అదే రోజు.

నేను చెప్పను.

నేను చెబితే నువ్వు చేస్తావు. రేపు ఆఫీసరు చెబితే అదీ చేస్తావు. ఎవరు చివర్లో చెబితే వాళ్లది చేసే మనిషివి. ముప్పై ఒక్కేళ్లు వచ్చాయి, ఈ ఒక్కటీ నువ్వే తేల్చుకో.

ఇంకో మాట. నీకు జవాబు దొరక్కపోతే కుట్టు మిషనావిడని చూసి వెతుక్కో. ఆవిడ తండ్రి మంచంలో ఉన్నాడు, ఆవిడ షిఫ్టు మారాక మధ్యాహ్నాలు ఆయన దాహానికి గోడ తడుతున్నాడు, పక్కింటివాళ్లు వింటే వచ్చి ఇస్తున్నారు. నాకు తమ్ముడున్నాడు, ఆవిడకి లేడు.

బుధవారం క్లాసు రోజు. అది మాత్రం మర్చిపోకు.

&nbsp;

వంటింటి బల్ల,
విచారణ బుధవారం, సాయంత్రం ఐదున్నర.

అక్కా,

వరసగా చెబుతాను. టీచరు చెప్పినట్టు, ఒక మాట, తర్వాత ఇంకో మాట.

రెండింటికల్లా వెళ్లాను. పాపని వెంట తీసుకెళ్లాను, మళ్లీ ఇంటికొచ్చి తీసుకెళ్లాలంటే క్లాసుకి అందము. కార్మికాధికారి ఒక పెద్దావిడ, కళ్లజోడు తాడుకి కట్టుకుని ఉంది. ఆఫీసరు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు, నన్ను చూసి భుజం తట్టారు, పాపకి బిస్కెట్టు ఇచ్చారు. పాప తీసుకోలేదు. దానికి ఆయన మాట అర్థం కాలేదు, ఫోను చూస్తూ మాట్లాడారు.

మూడు దాటాక నన్ను పిలిచారు. పాపని ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టాను. నోటీసు ఎప్పుడు తయారైందో చెప్పండి అంది ఆవిడ. "అంటే, అప్పట్లో, కాగితాలు చాలా ఉంటాయండి" అని మొదలుపెట్టాను. నిజం చెబుతున్నాను, అలాగే మొదలుపెట్టాను. తల కూడా వంచాను.

పాప బెంచీ దిగి నా ముందుకొచ్చి నిలబడింది. నా నోటికేసి చూస్తోంది. నేనేదో చెబుతున్నాను, అది తనకి అందడం లేదు, అందుకని దగ్గరికొచ్చింది. అంతే. దానికి నోటీసు తెలియదు, ఆఫీసరు తెలియదు.

నాకు చాలా సిగ్గేసింది అక్కా. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత వెయ్యలేదు.

గడ్డం ఎత్తాను. "పదిహేడు" అన్నాను. "పదిహేడో తారీఖు, సాయంత్రం. టైపు చేసింది నేనే. ఎనిమిది అని వెయ్యమన్నారు. వేసింది నేనే." ఒక్కో మాట పూర్తి చేసి, నోరు తెరిచి చెప్పాను. గదిలో అందరికీ వినిపించింది. పాప "నేనే" అంది, నాలాగే, గట్టిగా. ఆ పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "రాసుకోండి" అంది గుమాస్తాతో.

ఆఫీసరు బయటికొచ్చాక మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతూ వెళ్లిపోయారు. ఇంటికి చేరేసరికి నాకు కాగితం వచ్చి ఉంది, విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని. వాచ్‌మనే తెచ్చాడట. తేదీ మాత్రం సరిగ్గా ఇవాళ్టిదే వేశారు.

క్లాసుకి ఐదు నిమిషాలు ఆలస్యమైంది. టీచరు తిట్టింది. చోటు పదిలం.

తమ్ముడు.

&nbsp;

వంటింటి బల్ల,
మూడు వారాల తర్వాత, సోమవారం, పొద్దున ఆరున్నర.

తమ్ముడూ,

నువ్వు పడుకుని ఉన్నావు, లేపడం ఇష్టం లేక రాస్తున్నాను. శనివారం ఉత్తర్వు వచ్చింది. పాత నోటీసు చెల్లదట. ఇవాళ్టి నుంచి మాకు మళ్లీ ఏడు నుంచి మూడు. నా జంట నాకు దొరికింది. అందరం నీ పేరు తలుచుకున్నాం, ముక్కు పగిలినావిడ కూడా.

ఇక రెండో సంగతి. అదే శనివారం సాయంత్రం గోడ మీద కొత్త నోటీసు పెట్టారు. అదే పట్టిక, అవే బ్యాచిలు, మడతకి ఏడుగురే. ఈసారి నిజమైన తేదీ వేసి, సరిగ్గా మూడు వారాల గడువు ఇచ్చారు. చట్టం మన దగ్గరే నేర్చుకున్నారు, గురుదక్షిణ కూడా మనకే ఇస్తున్నారు. ఇప్పుడు ఎవరి అభ్యంతరం వాళ్లు రాసివ్వాలి, వాళ్లు విని జవాబివ్వాలి. అందరి తరఫునా ఒకే కాగితం చాలదట. ముప్పై ఒక్క మందిమి. సగం మందికి రాయడం రాదు, మిగతా సగానికి భయం.

నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉందిరా. ఎదురుగా ఉంటే నోటితో అనలేను, ఆ జబ్బు మన ఇంట్లో అందరికీ ఉంది. అందుకే రాశాను. నీ ఉద్యోగం తిరిగి వస్తుందో లేదో నాకు తెలియదు. రాకపోతే ఏం చేద్దామో కూడా తెలియదు. తెలిసినట్టు ధైర్యం చెప్పను.

తెల్లకాగితాల కట్ట బల్ల సొరుగులో ఉంది. ఇవాళ పది గంటల నుంచి సెలవులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. కుట్టు మిషనావిడ తండ్రి గురించి ముందు రాయి, అది ఆలస్యం కాకూడదు. ఎవరి కష్టం వాళ్ల మాటల్లోనే రాయి, నీ ఆఫీసు భాష కలపకు. "ఉండవచ్చు" అన్న మాట ఒక్కచోట కూడా కనపడకూడదు. నేను మూడింటికి వదిలి వచ్చేసరికి మూడున్నర అవుతుంది, పాపని క్లాసుకి తీసుకెళ్లి వచ్చాక నేనూ కూర్చుంటాను. ఇద్దరం రాస్తే పని తెములుతుంది.

మూడున్నరకి నేను రాకపోతే మాత్రం ఎవరి అభ్యంతరం ఎంతవరకు వచ్చిందో అక్కడే ఆపేసి, పాపకి జడ వేసి తీసుకెళ్లు.

అక్క.